అరలో చోటు లేని రికార్డు

1982లో బొంబాయి నుంచి ఒక ఎల్పీ రికార్డు వచ్చింది. పేరు ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’. డిస్కో దరువు మీద పది రాగాలు అన్నమాట. వాయించినవాడు చరణ్‌జిత్ సింగ్. పాడినవాళ్లు లేరు. తబలా లేదు, సితార్ లేదు. జపాన్‌లో తయారైన మూడు ఎలక్ట్రానిక్ యంత్రాలు, వాటి ముందు ఒక్క మనిషి. హెచ్.ఎం.వి. లాంటి పెద్ద కంపెనీ ముద్రతో వచ్చినా ఆ రికార్డు అమ్ముడుపోలేదు. కొన్నాళ్లకు అలాంటిది ఒకటి వచ్చిందన్న సంగతే అందరూ మరిచిపోయారు.

ఇరవై ఏళ్లు గడిచాక, 2002లో, పాత హిందీ సినిమా రికార్డులు వెతుక్కుంటూ తిరిగే ఎడో బౌమన్ అనే డచ్ దేశస్థుడికి ఢిల్లీలోని ఒక దుకాణంలో అది దొరికింది. ఆయన దాన్ని 2010లో ‘బాంబే కనెక్షన్’ అనే తన చిన్న కంపెనీ ద్వారా మళ్లీ విడుదల చేశాడు. అప్పుడు లండన్ పత్రికలు ఉలిక్కిపడ్డాయి. కొందరైతే నమ్మలేదు. ఇప్పటి సంగీతకారుడెవడో తన పాటకు పాత తేదీ తగిలించి ఆటపట్టిస్తున్నాడని అనుమానించారు. 1982లో బొంబాయిలో కూర్చుని ఒక మనిషి ఇలాంటి సంగీతం చేసి ఉంటాడన్న ఊహ వాళ్లకు రాలేదు. మనకూ రాలేదు కదా!

ఆ ఇరవై ఎనిమిదేళ్ల మౌనం ఎక్కడి నుంచి వచ్చిందన్నదే నా ప్రశ్న. విమర్శకులు చెవిటివాళ్లు, పత్రికలు అమ్ముడుపోయాయి అని ఒక్క మాటలో తేల్చేయడం సులువు. నేనూ కొంతకాలం అలాగే అన్నాను. చరణ్‌జిత్ సింగ్ కథ చదివాక ఆ జవాబు చాలదనిపించింది.

ముందు ఆయన ఎవరో చూద్దాం. 1940లో పుట్టాడు. హిందీ సినిమా ఆర్కెస్ట్రాలలో గిటారు, తర్వాత కీబోర్డులు వాయించాడు. శంకర్ జైకిషన్, ఆర్.డి. బర్మన్, లక్ష్మీకాంత్ ప్యారేలాల్ వంటి సంగీత దర్శకుల దగ్గర పనిచేశాడు. అంటే దేశమంతా ఆయన వేళ్ల చప్పుడు విన్నది. ఆయన పేరు మాత్రం వినలేదు. సినిమా రికార్డు అట్ట మీద సంగీత దర్శకుడి పేరు, గాయకుల పేర్లు, పాట రాసినవాడి పేరు ఉండేవి. వాయించిన యాభై మంది పేర్లు ఉండేవి కావు. రోజు కూలీ మాదిరిగా పిలిచిన పూటకు వచ్చి వాయించి, డబ్బు తీసుకుని వెళ్లడమే వాళ్ల పని. సినిమా పాటల వరసలను వాద్యాల మీద వాయించిన రికార్డులు కూడా సింగ్ చేశాడు. పెళ్లిళ్లలో, హోటళ్లలో వేసుకోవడానికి అలాంటివి పనికొచ్చేవి. పాట జనానికి ముందే తెలుసు కాబట్టి వాటిని ఎక్కడ పెట్టి అమ్మాలో దుకాణదారుడికీ తెలుసు.

1982లో ఆయన చేసింది వేరు. అప్పుడు సినిమాలన్నీ డిస్కో మయం. ఆ డిస్కోతోనే కొత్తగా ఏదైనా చేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచనే ఆ రికార్డుకు మూలమని ఆయన తర్వాత విలేకరులకు చెప్పాడు. రోలాండ్ కంపెనీ వాళ్ల జుపిటర్-8 సింథసైజర్, టీఆర్-808 అనే డ్రమ్ముల యంత్రం, టీబీ-303 అనే చిన్న పెట్టె, ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి జత చేశాడు. తంబురా శ్రుతిలా కింద ఒక మోత సాగుతుంటుంది. దాని మీద లలిత్, తోడి, మేఘ్ మల్హార్, మధువంతి, కళావతి రాగాల స్వరాలు పాకుతూ, జారుతూ పోతుంటాయి. మాల్కౌంస్ కూడా ఉంది. మన వైపు హిందోళం అంటామే, అదే. దరువు మాత్రం మొదటి నుంచి చివరి దాకా మారదు, గడియారం ముల్లులా కొడుతూనే ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు రాత్రిపూట ఇంజను ఆపకుండా నిలిపిన లారీ పక్కన ఎవరో సన్నాయి సాధన చేస్తున్నట్టు అనిపించింది. మూడోసారికి గాని అందులోని అందం పట్టుబడలేదు.

ఇప్పుడు ఆ రికార్డును 1982 నాటి పత్రికాఫీసులో ఊహించుకోండి. సంగీతం గురించి రాసేవాళ్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకరు శాస్త్రీయ సంగీత సమీక్షకులు. సభలకు వెళ్తారు, కచేరీ వింటారు, విద్వాంసుడి గురువు ఎవరో, ఏ ఘరానాయో, ఆలాపన ఎలా సాగిందో రాస్తారు. ఈ రికార్డు వాళ్ల చేతికిస్తే ఏం చేస్తారు? రాగం పేరు ఉంది గాని తీరిగ్గా సాగే ఆలాపన లేదు. కచేరీ లేదు. తబలా స్థానంలో యంత్రం మోగుతోంది. రాగాన్ని డిస్కోలో ముంచాడని కోప్పడితే అది న్యాయమైన స్పందనే అనుకోవచ్చు. ఇక రెండోవాళ్లు సినిమా పాటల గురించి రాసేవాళ్లు. వాళ్లకు ఇందులో సినిమా లేదు, హీరో లేడు, గాయని లేదు, పల్లవి లేదు.

మరి డిస్కో అభిమానులు? అప్పటికి నాజియా హసన్ గొంతు ఇంటింటా మోగుతోంది. బిడ్డు స్వరపరిచిన ‘ఆప్ జైసా కోయీ’ 1980లో ‘కుర్బానీ’ సినిమాతో వచ్చి ఊపేసింది. మరుసటి ఏడు ‘డిస్కో దీవానే’ వచ్చింది. 1982 చివర్లో మిథున్ చక్రవర్తి ‘డిస్కో డాన్సర్’ వచ్చింది. వీటన్నింటిలో ఒక గొంతు ఉంది, ఒక ముఖం ఉంది. చరణ్‌జిత్ సింగ్ రికార్డులో రెండూ లేవు.

రికార్డుల దుకాణంలో కూడా ఇదే చిక్కు. ఏ అరలో పెట్టాలి? శాస్త్రీయమా, సినిమానా, భక్తి గీతాలా, గజళ్లా? అర లేకపోతే అడిగేవాడు ఉండడు. అడిగేవాడు లేకపోతే అమ్మేవాడు దాని గురించి చెప్పడు. చెప్పేవాడు లేకపోతే రాసేవాడికి సంగతి చేరదు. పెద్ద కంపెనీ ముద్ర ఉన్నంత మాత్రాన ఈ వలయం తెగలేదు. అందుకే డబ్బు ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. డబ్బు కారణమే గాని, అంతకు ముందే ‘అర’ అనేది ఒకటి ఉంది.

ఇది పుస్తకాల్లో చదివి అంటున్న మాట కాదు. కొన్నేళ్ల కిందట మా మేనల్లుడు ఒకడు తుడుం, పెప్రె వాయిద్యాలను ఫోనులో రికార్డు చేసి, వాటిని కంప్యూటర్‌లో ముక్కలు చేసి, తలకిందులు చేసి, కింద ఏదో లోతైన మోత కలిపి నాలుగు పాటలు చేశాడు. పాటలంటే మాటలు లేవు. మొదట నాకే కోపం వచ్చింది. పెద్దల వాద్యాన్ని ఇట్లా కోసిపెడతావా అన్నాను. “మొత్తం వినకుండానే తిడుతున్నవు మామా” అన్నాడు. విన్నాను. నాలుగింటిలో రెండు నాకు నచ్చాయి. వాటి మీద ఒక చిన్న వ్యాసం రాసి ఒక దినపత్రిక కల్చర్ పేజీకి పట్టుకెళ్లాను. అక్కడి ఉప సంపాదకుడు మంచివాడే, టీ తెప్పించాడు. రెండు పేజీలూ చదివి, “మాస్టారూ, ఇది జానపదం కింద వేయాలా, సినిమా కింద వేయాలా?” అని అడిగాడు. రెండూ కాదన్నాను. “అయితే అబ్బాయి ఫొటో ఉందా, సంప్రదాయ దుస్తుల్లో?” అన్నాడు. వ్యాసం రాలేదు. ఆయనది చెడ్డ ఉద్దేశమని ఇప్పటికీ అనుకోను. ఆయన పేజీలో గళ్లు ముందే గీసి ఉన్నాయి.

గళ్లు లేని చోట కూడా మౌనమే మిగలడానికి ఇంకో కారణం ఉంది. అది అహ్మదాబాద్‌లో కనిపిస్తుంది. అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లో ఒక ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో మొదలైంది. అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి మూగ్ సింథసైజర్‌ను అక్కడ అమర్చాడు. దీని వెనక గీతా సారాభాయి ఉన్నారు. 1946లోనే న్యూయార్క్ వెళ్లి జాన్ కేజ్‌కు భారతీయ సంగీతం నేర్పి, ఆయన దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్న మనిషి ఆమె. ఆమెతో పాటు ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా ఆ యంత్రం మీద పనిచేశారు. పక్షుల కూతల్లాంటివి, ఎక్కడా లేని గ్రహాల చప్పుళ్లు, తంబురా మోతలు టేపుల మీదికి ఎక్కాయి. మూడు నాలుగేళ్లలో స్టూడియో మూతపడింది. టేపులు సంస్థ భాండాగారంలో ఉండిపోయాయి.

ఇక్కడ విమర్శకుడిని తప్పుపట్టడానికి కూడా లేదు. ఆయన ముందుకు ఏమీ రాలేదు. రికార్డు విడుదల కాలేదు, ఊరూరా కచేరీలు జరగలేదు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత పాల్ పర్గస్ అనే బ్రిటన్ కళాకారుడు వెళ్లి ఆ టేపులు తవ్వి తీశాడు. 2020లో బి.బి.సి. రేడియోలో వాటి మీద కార్యక్రమం వచ్చింది. 2023లో ‘ది ఎన్.ఐ.డి. టేప్స్’ పేరుతో సంకలనం వెలువడింది. టేపులు దాచిన గది ఉండబట్టి మనకు ఆ కథ తెలిసింది. గది లేని చోట్ల ఏమేం పోయిందో చెప్పేవాళ్లు లేరు.

ఇదంతా మన దేశపు వెనుకబాటు అనుకుంటే పొరపాటు. అమెరికాలో వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బృందం మొదటి ఆల్బం 1967 మార్చిలో వచ్చింది. అమ్మకాల జాబితాలో 171వ స్థానం దాటలేదు. తర్వాతి కాలంలో రాక్ సంగీతాన్ని మార్చిన రికార్డుల్లో దాన్ని లెక్కపెట్టని విమర్శకుడు లేడు. విచిత్రమేమంటే, రాక్ విమర్శకు పెద్ద పీట వేసిన ‘రోలింగ్ స్టోన్’ పత్రిక మొదటి సంచిక ఆ ఏడాది నవంబరులో గాని రాలేదు. పాట ముందొచ్చింది, దాని గురించి మాట్లాడే భాష వెనక వచ్చింది. ప్రయోగం అంటేనే అది. భాష కంటే ముందు నడిచేది.

ఆ భాషను తామే తయారుచేసుకున్న వాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌లో 1976లో మార్క్ పెర్రీ అనే కుర్రాడు ‘స్నిఫిన్ గ్లూ’ అనే పత్రిక పెట్టాడు. పత్రికంటే టైపు చేసి, చేత్తో దిద్ది, జిరాక్సు తీసి, పిన్ను కొట్టిన కాగితాలు. పెద్ద పత్రికలు పంక్ సంగీతాన్ని అర్థం చేసుకోలేకపోతే మనమే రాసుకుందాం అన్నది దాని ధోరణి. అలాంటివి వందల్లో పుట్టాయి. మనం ఇప్పుడు చేతిలో పట్టుకున్న ఈ చిన్న పుస్తకానికి అవి దూరపు చుట్టాలే. 1980 జనవరిలో పెద్ద కంపెనీల పంపిణీతో సంబంధం లేని రికార్డులకు వేరే అమ్మకాల జాబితా మొదలైంది. ‘ఇండీ’ అనే మాటకు అక్కడ స్థిరమైన అర్థం ఏర్పడింది. పాట ఎలా ఉందన్నది కాదు, ఎవరి లారీలో దుకాణానికి చేరిందన్నదే లెక్క. బి.బి.సి. రేడియోలో జాన్ పీల్ 1967 నుంచి 2004లో చనిపోయేదాకా, ఎవరికీ తెలియని బృందాలు పంపిన రికార్డులను రాత్రిళ్లు వినిపించాడు. ఒక్క మనిషి, ఒక్క మైకు. మన దేశంలో ఆ పాత్ర కొంతవరకు అలహాబాదు నుంచి వచ్చిన ‘రాక్ స్ట్రీట్ జర్నల్’ పోషించింది. అమిత్ సైగల్ 1993లో దాన్ని మొదలుపెట్టాడు. అది కూడా ఇంగ్లిషులోనే. తెలుగులో అలాంటి పత్రిక ఒక్కటి నిలిచి ఉంటే మా మేనల్లుడి నాలుగు పాటలకు ఒక మూల దొరికేదేమో.

మళ్లీ చరణ్‌జిత్ సింగ్ దగ్గరికి వద్దాం. ఆయన కథలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది మరచిపోవడం కాదు, గుర్తుచేసుకున్న తీరు.

ఆయన వాడిన టీబీ-303 అనే పెట్టెను బాస్ గిటారుకు బదులుగా వాడుకోవడానికి తయారుచేశారు. ఆ పనికి అది సరిపోలేదు. బాస్ గిటారులా మోగనే లేదు. 1984లో కంపెనీ తయారీ ఆపేసింది. పాత సామాన్ల దుకాణాల్లో చవగ్గా అమ్మారు. షికాగోలో నల్లజాతి యువకులు కొందరు దాన్ని కొనుక్కుని, మీటలు ఇష్టమొచ్చినట్టు తిప్పితే ఒక కీచు, జారుడు, బుసకొట్టే మోత వచ్చింది. ఫ్యూచర్ అనే బృందం 1987లో ‘యాసిడ్ ట్రాక్స్’ విడుదల చేసింది. అలా పుట్టిన సంగీతానికి యాసిడ్ హౌస్ అని పేరు పడింది. సొంత దేశపు పెద్ద పత్రికలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1988లో బ్రిటన్ యువత వెర్రెత్తిపోయాక గాని దానికి పేరు రాలేదు.

చరణ్‌జిత్ సింగ్ రికార్డులో అదే పెట్టె, అదే జారుడు మోత, అయిదేళ్ల ముందు. కాబట్టి 2010లో పత్రికలన్నీ ఒకటే రాశాయి: యాసిడ్ హౌస్‌ను కనిపెట్టినవాడు భారతీయుడు! పొగడ్తే. కాని జాగ్రత్తగా చూడండి. షికాగో కుర్రాళ్లు ఆయన రికార్డు వినలేదు. ఆయనకు యాసిడ్ హౌస్ అంటే ఏమిటో తెలియదు. రెండు చోట్ల, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, ఒకే యంత్రం నుంచి రెండు సంగీతాలు వచ్చాయి. ఆయన రాగంలోని ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడానికి ఆ పెట్టెను వాడాడు. మన సంగీతంలో గమకం, మీండ్ అనేవి ఉన్నాయి కాబట్టి ఆ జారుడు ఆయనకు కొత్త కాదు, పాత అవసరం. షికాగో వాళ్లకు కావలసింది వేరు. అయినా ఆయనకు ఒక గది కావాలంటే వేరేవాళ్ల ఇంట్లోనే దొరికింది. ఎవరికో పూర్వీకుడిగా తప్ప, తన పేరు మీద తాను కొత్తదారి తొక్కిన సంగీతకారుడిగా ఆయన్ను పరిచయం చేసిన వ్యాసాలు తక్కువ. లలిత్ రాగాన్ని అలా ఎందుకు నడిపాడు, మేఘ్ మల్హార్‌కు ఆ దరువు కుదిరిందా లేదా అని చర్చించినవాళ్లు మరీ తక్కువ.

ఈ సంగతి మన పాఠకులకు ఎక్కువ వివరించనక్కర్లేదు. దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర ఎన్నేళ్లుగా మోగుతోంది? ‘భీమ్లా నాయక్’ పాటలో ఆయన గొంతు వచ్చాక గాని టీవీలు పరిగెత్తుకు రాలేదు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అదే ఏడు కోయ డోలి వాయించే సకిని రామచంద్రయ్యకూ పద్మశ్రీ వచ్చింది. ఆ వార్తల్లో పేదరికం గురించి రాశారు, ఇంటి గురించి రాశారు, పురస్కారం గురించి రాశారు. డోలి మీద ఏ దరువు ఎప్పుడు మారుతుంది, కథలో ఏ ఘట్టానికి ఆ మార్పు వస్తుంది, కిన్నెర మెట్ల మీద వేళ్లు ఎలా నడుస్తాయి అన్నది నేను చదివిన వాటిలో దాదాపుగా కనిపించలేదు. ఇది కూడా వినకపోవడమే.

అయితే ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. డోలి వెనక ఒక జాతి జ్ఞాపకం ఉంది. పత్రిక రాసినా రాయకపోయినా మేడారం దారిలో అది మోగుతుంది. చరణ్‌జిత్ సింగ్ లాంటి ఒంటరి ప్రయోగానికి ఆ ఆసరా లేదు. జాతర లేదు, కులవృత్తి లేదు, నేర్చుకునే శిష్యుడు లేడు. రికార్డు పోతే అంతా పోయినట్టే. అలాంటివాడికే విమర్శకుడి అవసరం ఎక్కువ. విచిత్రంగా అలాంటివాడి దగ్గరికే విమర్శకుడు ఆలస్యంగా వస్తాడు.

ఇప్పుడు దుకాణంలో అరల కొరత లేదు కదా, ఎవడైనా ఇంటర్నెట్‌లో పాట పెట్టుకోవచ్చు కదా అంటారు. నిజమే, పెట్టుకోవచ్చు. కాని 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి 1,000 సార్లు కూడా మోగని పాటకు పైసా ఇవ్వరు. ఏ పాట తర్వాత ఏ పాట వినిపించాలో యంత్రం లెక్క కడుతుంది. ఆ లెక్క ఇంతకు ముందు విన్నదాన్ని బట్టే నడుస్తుంది. అంటే పాత అరలే, కంటికి కనపడకుండా. మరోపక్క రాసేవాళ్ల కొలువులు పోతున్నాయి. చిన్న బృందాల రికార్డులను పాతికేళ్లకు పైగా సమీక్షించిన ‘పిచ్‌ఫోర్క్’ను దాని యజమానులు 2024 జనవరిలో ‘జీ.క్యూ.’ అనే మగవాళ్ల ఫ్యాషన్ పత్రికలో కలిపేశారు. దాని తీర్పులతో నాకు చాలాసార్లు పేచీ ఉండేది, పదికి ఇన్ని మార్కులు అని దశాంశాలతో సహా వేసే పద్ధతి మరీ చిరాకు. అయినా ఒక మనిషి కూర్చుని, విని, ఇది నాకు ఎందుకు నచ్చలేదో నాలుగు వాక్యాలు రాయడం వేరు.

చరణ్‌జిత్ సింగ్ 2015లో ముంబైలో చనిపోయాడు. అంతకు ముందు కొన్నేళ్లలో, డెబ్బై దాటిన వయసులో, యూరప్‌కు వెళ్లి యువకుల ముందు ఆ రాగాలను మళ్లీ ఆ యంత్రాల మీదే వాయించాడు. వాళ్లు నాట్యం చేశారు. మరణవార్తలో కూడా ‘యాసిడ్ హౌస్’ అన్న మాట ఆయన పేరు పక్కనే ఉంది.

మా మేనల్లుడు ఆ నాలుగు పాటలను పోయిన వేసవిలో ఇంటర్నెట్‌లో పెట్టాడు. పక్కన కూర్చుని నేనూ చూశాను. తుడుం వాయించిన పెద్దాయన పేరు, పెప్రె ఊదినవాళ్ల పేర్లు, రికార్డు చేసిన ఊరు, తేదీ అన్నీ రాయించాను. చివర్లో పాట ఏ రకమో ఎంచుకోమని ఒక జాబితా వచ్చింది. పైనుంచి కింద దాకా రెండుసార్లు వేలితో జరిపాడు. “ఏది నొక్కాలె మామా?” అన్నాడు. నాకూ తోచలేదు. ‘ఇతరాలు’ నొక్కాడు.